ఈ పేషెంట్లకు ఫీజెవరు కడతారు?

ఆవుకి జ్వరమొస్తే రైతు పశువుల డాక్టరును పిలుస్తాడు. పెంపుడు కుక్క నలతగా ఉంటే యజమాని క్లినిక్‌కి తీసుకెళతాడు. మరి నడి అడవిలో ఓ గొరిల్లా చెయ్యి ఉచ్చులో ఇరుక్కుంటే? దానికి యజమాని లేడు, ఫీజు కట్టే నాథుడూ లేడు. అందుకే ఆ ఫీజుని ముక్కూమొహం తెలియనివాళ్లు కడుతున్నారు... విరాళాల రూపంలో!

రువాండా, ఉగాండా, కాంగో సరిహద్దుల్లోని విరుంగా కొండలు పర్వత గొరిల్లాల పుట్టిల్లు. అమెరికా పరిశోధకురాలు డయాన్ ఫాసీ 1967లో అక్కడ మకాం పెట్టారు. 1980ల మొదట్లో లెక్కపెడితే ఆ కొండల్లో మిగిలినవి సుమారు 250. వేటగాళ్లు జింకజాతి జంతువుల కోసం పన్నిన ఉచ్చుల్లో ఇవి చిక్కుకునేవి. గింజుకునేకొద్దీ తీగ కండలోకి దిగేది. గాయం కుళ్లి ప్రాణం మీదికొచ్చేది. 'ఒక డాక్టరునైనా పంపండి' అంటూ అమెరికాలోని మోరిస్ యానిమల్ ఫౌండేషన్‌కి చెందిన రూత్ కీస్లింగ్‌ను అడిగారు ఫాసీ. రూత్ సరేనని నిధులు సమకూర్చే పనిలో పడ్డారు. కానీ ఆ డాక్టరు రావడం ఫాసీ చూడలేకపోయారు. 1985 డిసెంబరులో ఆమె తన గుడిసెలోనే హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాది డాక్టర్ జేమ్స్ ఫాస్టర్ రువాండా వెళ్లారు. నేటి 'గొరిల్లా డాక్టర్స్' సంస్థకు అదే నాంది.

ఇక్కడ పేషెంటు ఆస్పత్రికి రాదు. డాక్టరే మందుల సంచీ భుజాన వేసుకుని కొండెక్కాలి. మత్తుమందు నింపిన సూదిని దూరం నుంచి గురిచూసి కొట్టాలి. పిల్ల గొరిల్లాకి దెబ్బ తగిలితే తల్లికీ మత్తివ్వాల్సి రావచ్చు. వైద్యం అయ్యేదాకా గుంపులోని మిగతావాటిని సిబ్బంది దూరంగా ఆపుతారు. మెలకువ రాగానే అది మళ్లీ తనవాళ్లలో కలిసిపోతుంది. మనుషుల వల్ల హాని జరిగినప్పుడో, ప్రాణాపాయం ఉన్నప్పుడో తప్ప డాక్టర్లు జోక్యం చేసుకోరు.

ఉచ్చుతోపాటు మరో ముప్పూ ఉంది... మన జలుబు! మనుషుల శ్వాసకోశ వ్యాధులు గొరిల్లాలకు సులువుగా అంటుకుంటాయి. అందుకే వాటిని కనిపెట్టుకుని ఉండే సిబ్బంది ఆరోగ్యాన్నీ పరీక్షిస్తుంటారు. మందులకూ, జీతాలకూ, పరీక్షలకూ దాతల డబ్బే పెద్ద ఆధారం.

ఇంత చేస్తే ఫలితముందా? ఆడ గొరిల్లా దాదాపు నాలుగేళ్లకోసారి, సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. కాబట్టి ఒక్క ప్రాణం నిలబడినా లెక్క మారుతుంది. నిత్యం మనుషుల కనుసన్నల్లో ఉండి వైద్యం అందిన గుంపులు పెరిగాయనీ, అవేవీ లేని గుంపులు తగ్గాయనీ 2011లో వెలువడిన ఓ అధ్యయనం తేల్చింది. ఆ తేడాలో 40 శాతం దాకా వైద్యం చలవేనట. 2018లో ప్రకటించిన లెక్కల్లో విరుంగా గొరిల్లాలు 604. ఉగాండాలోని బ్విండీ అడవిలో ఉన్నవాటిని కలిపితే వెయ్యి దాటాయి. అదే ఏడాది వాటిని 'తీవ్రంగా అంతరించిపోతున్న' జాబితా నుంచి ఒక మెట్టు కిందికి దించారు.

గండం పూర్తిగా గడవలేదు. ఉచ్చులు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. కొండెక్కే డాక్టరూ ఆగలేదు. ఆయన సంచీలోని మందు ఎవరు కొనిచ్చారో ఆ గొరిల్లాకి ఎప్పటికీ తెలీదు. అయినా ఇస్తున్నారు చూడండి... దాన్నే దానమంటారు!