చర్మానికీ మెదడుకూ ఒకే విటమిన్

దక్కను జొన్నచేల మధ్య వెలుగుచూసిన ఒక వ్యాధి నేర్పిన పాఠం

జ్ఞాపకశక్తికి ఒక మాత్ర, చర్మకాంతికి మరొక మాత్ర అంటూ మందుల దుకాణాలలో నేడు ఎన్నో సీసాలు కనిపిస్తున్నాయి. రెండింటికీ కలిపి ఒకే మాత్ర చాలునని చెప్పే ప్రకటనలకూ కొదువ లేదు. ఇందులో సత్యమెంత?

ఈ ప్రశ్నకు సమాధానం తెలంగాణ పల్లెలలోనే లభించింది. ఒకప్పుడు అక్కడి నిరుపేదలను పీడించిన పెల్లాగ్రా అనే వ్యాధి, చర్మానికీ మెదడుకూ ఆహారంతో గల సంబంధాన్ని కళ్లకు కట్టినట్లు చూపింది.

ఎండ తగిలినచోట మచ్చ

ఈ వ్యాధి సాధారణంగా చర్మంమీద బయటపడుతుంది. ముంజేతులు, పాదాలు, మెడ వంటి ఎండ తగిలే భాగాలు కందిపోయి, నల్లబారి, బిరుసెక్కి పొట్టు రాలుతాయి. మచ్చలు రెండు చేతులమీదా ఒకే తీరున ఉంటాయి. మెడచుట్టూ కంటె ధరించినట్లు కనిపిస్తాయి. దానికి విరేచనాలు తోడవుతాయి. నిద్ర కరువవుతుంది. దిగులు, మతిమరుపు ఆవహించి, కడకు మతిభ్రమ కలుగుతుంది. చికిత్స అందకపోతే ప్రాణానికే ముప్పు.

1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కాసల్ ఈ వ్యాధిని మొక్కజొన్న తిని బతికే పేదలలో గమనించారు. 'గరుకు చర్మం' అనే అర్థంలో ఇటలీవారు దీనికి పెల్లాగ్రా అని పేరు పెట్టారు. ఇది అంటువ్యాధి అని చాలాకాలం పలువురు నమ్మారు. 1914లో అమెరికా ప్రభుత్వం ఈ సమస్యను డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్‌కు అప్పగించింది. శరణాలయాలలో ఆశ్రితులకు వ్యాధి వస్తున్నా, వారి నడుమనే తిరిగే సిబ్బందికి రాకపోవడం ఆయన దృష్టిని ఆకర్షించింది. ఆశ్రితుల భోజనంలో పాలు, గుడ్లు, మాంసం చేర్చేసరికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. లోపించిన పదార్థం నియాసిన్, అనగా బి3 విటమిన్ అని కాన్రాడ్ ఎల్వేయెమ్ పరిశోధనల ద్వారా 1937లో తేటతెల్లమైంది.

జొన్నరొట్టె చిక్కుముడి

అయితే దక్కనులో మొక్కజొన్న ముఖ్యాహారం కాదు. ఇక్కడి రోగులు జొన్నరొట్టె తినేవారు. జొన్నలో నియాసిన్ బియ్యంలో కంటె తక్కువేమీ కాదు. మరి అన్నం తినేవారికి లేని జబ్బు జొన్న తినేవారికి ఎందుకు వచ్చింది?

1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పరిశోధనశాలే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడి శాస్త్రవేత్తలు డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంటియా 1960లో ఒక వివరణ ప్రకటించారు. మాంసకృత్తులలోని ట్రిప్టోఫాన్ నుండి మన శరీరం స్వయంగా కొంత నియాసిన్ తయారుచేసుకుంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుండి ఒక మిల్లీగ్రాము నియాసిన్ లభిస్తుంది. జొన్నలో అధికంగా ఉండే లూసిన్ ఈ క్రియకు అడ్డు తగులుతున్నదని వారు భావించారు. ఈ సిద్ధాంతంపై తరువాత వాదోపవాదాలు జరిగాయి.

దీనినిబట్టి జొన్నను దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. జొన్న మంచి ధాన్యమే. పప్పు, పాలు, కూర లేని కంచంలో రొట్టె ఒక్కటే మిగలడమే అసలు దోషం. ఆ వ్యాధికి మూలం పేదరికమే.

మాత్ర ఎప్పుడు అమృతం?

పెల్లాగ్రా రోగికి వైద్యులు నికోటినమైడ్ ఇస్తారు. తరచుగా ఒకటి రెండు రోజులలోనే మనసు తేటపడుతుంది. చర్మం మానడానికి కొన్ని వారాలు పడుతుంది. ప్రతి జీవకణానికీ శక్తి ఉత్పత్తిలో నియాసిన్ అవసరం. ఎండదెబ్బను సరిచేసుకోవలసిన చర్మకణాలకూ, విశ్రాంతి ఎరుగని మెదడుకూ ఆ అవసరం మరింత ఎక్కువ.

లోపం ఉన్నవారికి మాత్ర అమృతమే. కాని నిండిన కుండలో ఎంత నీరు పోసినా పొర్లిపోవలసిందే. లోపం లేనివారికి అదనపు నియాసిన్ వల్ల తెలివి పెరుగుతుందన్న రుజువు లేదు. పైగా నికోటినిక్ ఆమ్లం మితిమీరితే ఒళ్లు ఎర్రబడి మండుతుంది, కాలేయం దెబ్బతినవచ్చు.

2015లో ప్రకటించిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో, లోగడ చర్మ కాన్సర్ వచ్చినవారికి రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున నికోటినమైడ్ ఇచ్చారు. ఏడాదిలో కొత్త కాన్సర్లు 23 శాతం తగ్గాయి. మాత్రలు ఆపగానే ఆ ప్రయోజనమూ ఆగిపోయింది. అది ప్రత్యేక రోగులకు వైద్యులిచ్చిన ఔషధమే గాని, అందచందాలకు వాడే లేహ్యం కాదు.

ఎవరు జాగ్రత్తపడాలి?

తిండి మాని మద్యానికి బానిసలైనవారికీ, క్షయరోగానికి ఐసోనియజిడ్ వాడేవారిలో పోషణ చాలనివారికీ పెల్లాగ్రా ముప్పు నేటికీ ఉంది. పాలు, గుడ్లు, మాంసం బొత్తిగా తినని వారికి బి12 లోపం ఏర్పడవచ్చు. అందువల్ల మతిమరుపు, తిమ్మిర్లు, వేళ్ల కణుపులు నల్లబారడం సంభవిస్తాయి. ఇటువంటివారు సొంతవైద్యం మాని డాక్టరును సంప్రదించాలి.

తక్కినవారికి మార్గం సులభమే. శ్రమ తక్కువగా చేసే పురుషునికి రోజుకు సుమారు 14 మిల్లీగ్రాములు, స్త్రీకి 11 మిల్లీగ్రాముల నియాసిన్ చాలును. వేరుశనగలు, పప్పులు, చేపలు, మాంసం దానిని సమకూరుస్తాయి. పాలు, గుడ్లు ట్రిప్టోఫాన్‌ను అందిస్తాయి. కనుక సీసా కొనడానికి ముందు ఒక్కసారి మీ కంచంలోకి చూసుకోండి. అక్కడ లోటు లేకపోతే, ఆ డబ్బుతో ఇంటికి నాలుగు వేరుశనగ గింజలు తెచ్చుకోవడమే మేలు.