తుపాకి కొయ్యలో ఎపాక్సీ పఱుపు

తుపాకి గుఱి తప్పినపుడు జనులు మొదట కాల్చినవానిని, పిమ్మట గొట్టమును నిందింతురు. కొయ్యను నిందించువారు అరుదు. అమెరికా దేశమున వేటకును గుఱిపందెములకును రైఫిళ్లు ఉంచుకొనువారు మాత్రము ఇట్టి సందర్భమున కొయ్యను అనుమానింపకుండ విడువరు. వారిలో అనేకులు ఇంటియొద్ద పనిబల్లమీదనే ఎపాక్సీ యను జిగురుతో ఆ దోషమును సవరించుకొనుచున్నారు. ఈ పనికి వారు ‘బెడ్డింగు’ అని పేరు పెట్టిరి. అనగా పఱుపు వేయుట. ఇనుమునకు పఱుపు ఏల కావలెను? అది వేయుట యెట్లు? ఈ రెండు సంగతులను ఇచ్చట వివరించుచున్నాము.

మొదటనే యొక మాట చెప్పవలసియున్నది. మన దేశమున 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ననుసరించి తగిన లైసెన్సు లేనివారు తుపాకిని మరమ్మతు చేయరాదు. ఎన్.సి.సి.లో .22 రైఫిలు కాల్చి వచ్చిన మన బాలబాలికలు దీనిని పని తెలిసికొనుటకే గాని పని చేయుటకు చదువరాదు.

నేటి వేటరైఫిళ్లలో పెక్కింటికి మూలపురుషుడు 1898లో జర్మను సైన్యము స్వీకరించిన మౌజరు రైఫిలు. అందు గొట్టము, గొట్టపు వెనుక కొన బిగింపబడిన ‘రిసీవరు’ అను ఉక్కు పెట్టె, ఆ పెట్టెలో తలుపు గడియవలె ముందు వెనుకలకు జరిగి త్రిప్పినంతనే మూతపడు ‘బోల్టు’ అనునవి ముఖ్యములు. రిసీవరును బోల్టును కలిపి ‘యాక్షను’ అందురు. ఈ యాక్షను, గొట్టముతోకూడ, ఆక్రోటు కొయ్యలో తొలిచిన దోనెవంటి పల్లమున కూర్చుండును. అడుగునుండి రెండు మూడు మఱలు దానిని కొయ్యకు బిగించును. రిసీవరు ముందుభాగమున, అడుగు ప్రక్కను, క్రిందికి పొడుచుకొనివచ్చిన చిన్న ఉక్కు మెట్టు ఒకటి కలదు. దానిని ‘లగ్గు’ అందురు. చూచుటకు అల్పమైనను తుపాకి తన్ను నంతయు కొయ్యకు అప్పగించునది అదియే.

ఆ తన్ను ఎంతటిదో విద్యార్థులు తామే లెక్కించుకొనవచ్చును. అమెరికా సైన్యమున 1906లో ప్రవేశించిన .30-06 అను తూటాయందు 9.7 గ్రాముల గుండు సెకనుకు సుమారు 870 మీటర్ల వేగముతో వెడలును. న్యూటను మూడవ సూత్రమును బట్టి 3.6 కిలోగ్రాముల తుపాకి ఆ గుండు ఒక్కదానివలననే సెకనుకు దాదాపు 2.3 మీటర్ల వేగముతో వెనుకకు పోవలెను. మందు మండి పుట్టిన వాయువులు వెలువడుటచే ఆ వేగము ఇంకను హెచ్చును. ఈ పోటు యావత్తును లగ్గు వెనుకముఖము తగులు అంగుళమంత చోటున కొయ్య భరింపవలెను. అచ్చట ఒక మూల మాత్రమే తగులుచున్నచో ఆ మూల నలిగిపోవును. కొంతకాలమునకు కొయ్య చీలుటయు కలదు.

ఇక కొయ్య స్వభావము. వానకాలమున తలుపులు బిగిసికొనుట ఎఱుగనివారు మన యిండ్లలో లేరు. వేసవిలో బండిచక్రము ఎండి ఇనుపకమ్మి వదులైనపుడు రైతు చక్రమును చెఱువులో నానవేయును. గొడ్డలి కామ వదులైనను అంతే. గాలిలోని తేమ హెచ్చినపుడు కొయ్య ఉబ్బును, తగ్గినపుడు కుదించుకొనును. అయితే అన్ని వైపులను సమానముగ కాదు. అమెరికా నల్ల ఆక్రోటు కొయ్య పచ్చిగా నున్నప్పటినుండి పూర్తిగా ఎండువఱకు వార్షిక వలయముల వెంబడి నూటికి సుమారు 7.8 పాళ్లు, వలయములకు అడ్డముగ 5.5 పాళ్లు చిక్కును; నార పొడవున అర పాలైనను చిక్కదు. చక్కగా ఎండించి నూనె పట్టించిన కొయ్యలో ఈ మార్పులు మిక్కిలి తగ్గును గాని నశింపవు. పైపూత తేమను ఆలస్యము చేయును, అంతే.

కొయ్య ఒక ప్రక్కకు వంగి గొట్టమును తాకెననుకొందము. 24 అంగుళముల గొట్టపు కొన అంగుళములో నూఱవవంతు ప్రక్కకు జరిగినచో, 100 గజముల దూరమున గుండు ఒకటిన్నర అంగుళము తప్పిపోవును. సమరూప త్రిభుజముల లెక్క తెలిసినవారు దీనిని పలకమీద వేసి చూచుకొందురుగాక. ఇది పుస్తకములోని భయము కాదు. అమెరికా మెరీను దళమువారు 1966లో రెమింగ్టను 700 యాక్షనుతో చేసిన ‘ఎం 40’ రైఫిలును వియత్నాము యుద్ధమునకు కొనిపోయిరి. దాని కొయ్య ఆక్రోటుదే. ఆ దేశపు ఉక్కకును వానకును కొయ్యలు ఉబ్బి వంగి గుఱి నిలువక వారిని బాధించెను. 1970 తరువాతి దశాబ్దమున ఆ తుపాకికి ఫైబరుగ్లాసు దిమ్మ నమర్చి, ‘ఎం 40 ఏ 1’ అని పేరిడిరి.

కొయ్య కదలుచున్నదని తెలిసినవెంటనే చాలమందికి తోచు ఉపాయము మఱలను ఇంకను గట్టిగా బిగించుట. మా అభిప్రాయమున ఈ సంగతి అంతటిలోను గ్రహింపదగినది ఇదియే: బిగింపు ఇచ్చట మందు కాదు, రోగమే. కొయ్య పల్లము ఇనుము ఆకారమునకు సరిగా లేనపుడు రెండింటి నడుమ సందులుండును. మఱను త్రిప్పుకొలది ఆ సందులోనికి ఇనుము వంగును. ఉక్కు వంగునా యని సందేహింపవలదు. వెండ్రుకవాసి వంగినను చాలును. వంగిన ఉక్కు ప్రతి పేలుడుకును కొంచెము సడలి, మఱల మఱియొక తీరున కూర్చుండును. దీనిని పరీక్షించుట సులభము. గొట్టమునకును కొయ్య ముందుకొనకును నడుమ వ్రేలు ఆనించి, ముందుమఱను మెల్లగా వదులు చేయవలెను. యాక్షను నిశ్చింతగా కూర్చున్నచో వ్రేలికి ఏమియు తెలియదు. బలవంతముగ వంచబడి యున్నచో గొట్టము విల్లువలె లేచుట తెలిసిపోవును.

ఎపాక్సీకి పూర్వము ఈ పని ఉలితోనే జరిగెను. ఇనుమునకు దీపపు మసి పూసి కొయ్యలో నుంచి, తీసి, మసి అంటినచోట పలుచగా చెక్కి, మఱల నుంచి చూచుచు నిపుణులు దినములు గడపెడివారు. సైనిక కర్మాగారములకు అంత తీఱిక యెక్కడిది? ఆస్ట్రేలియాలోని లిత్‌గోలో స్థానికమైన మెత్తని కొయ్యతో లీ-ఎన్‌ఫీల్డు రైఫిళ్లు చేసినపుడు, తన్ను తగులుచోట రాగిబిళ్లలు పొదిగిరి. బెంగాలులోని ఈషాపూరు కర్మాగారమువారు ముందుకొయ్యకు అడ్డముగ ఒక మఱను బిగించి, చీలకుండ కాపాడిరి. ఈ ఉపాయములు కొయ్యను బలపఱచినవే గాని ఇనుమునకు సరియైన ఆసనమును కల్పింపలేదు.

ఎపాక్సీ ఆ లోటు తీర్చినది. దీని పరిశోధనలో స్విట్జర్లాండు రసాయనికుడు పియేర్ కాస్టాన్ ప్రముఖుడు. 1946లో సీబా కంపెనీవారు ‘ఆరల్డైటు’ అను పేర దీనిని విపణిలోనికి తెచ్చిరి. తుమ్మబంక ఎండునపుడు అందలి నీరు ఆవిరియై పోవును, బంక చిక్కిపోవును. ఎపాక్సీలో ఆవిరి కావలసినది దాదాపు లేదు. రెసిను, గట్టిపఱచు ద్రవము అని అది రెండు భాగములు. రెసిను అణువుల కొనలయందు రెండు కర్బన పరమాణువులు, ఒక ఆమ్లజని పరమాణువు గల చిన్న ముక్కోణపు వలయము లుండును. గట్టిపఱచు ద్రవములోని అమీనులు ఆ వలయములను విప్పి అణువులను ఒకదానితో నొకటి వలవలె అల్లివేయును. కావున పోసినంత పరిమాణము ఇంచుమించుగా అట్లే గట్టిపడి, తాకిన వస్తువు ఆకారమును అచ్చుగ్రుద్దినట్లు నిలుపుకొనును. తుపాకి పనికి వాడు ఎపాక్సీలో గాజునూలు ముక్కలో, ఉక్కు లేక అల్యూమినియపు పొడియో కలిపి బలపఱతురు. అయోవా రాష్ట్రపు బ్రౌనెల్సు కంపెనీవారి ‘ఆక్రాగ్లాసు’ ఈ పనివారిలో బహుకాలముగ ప్రసిద్ధము.

పని చేయు విధమును ఇక చెప్పెదము. తూటాలు లేవని రెండుమాఱులు చూచి, బోల్టు తీసివేసి, యాక్షనును కొయ్యనుండి వేఱుచేయుదురు. లగ్గు చుట్టును రిసీవరు ముందువలయము క్రిందను కొయ్యను అంగుళములో పదునాఱవ వంతునుండి ఎనిమిదవ వంతువఱకు చెక్కి తీసివేయుదురు. ఎపాక్సీకి చాలినంత దళసరి లేనియెడల అది పెచ్చులుగా లేచిపోవును. పల్లపు పై అంచులను మాత్రము ముట్టరు. అంచు చెడినచో పని ముగిసిన పిదప ఆ వికారము జన్మాంతము కనబడుచుండును. మఱలు దూరు రంధ్రములలో కొందఱు అల్యూమినియపు గొట్టపుముక్కలు నిలుపుదురు. మఱ బిగించినపుడు ఆ ఒత్తిడి లోహముమీదనే పడి కొయ్య నలుగదు. ఇది అదనపు శ్రమయే యైనను వ్యర్థము కాదు.

తరువాతిది ఓర్పు కావలసిన ఘట్టము. ఎపాక్సీ కొయ్యకు అంటవలెను, ఇనుమునకు అంటరాదు. అందులకై ఇనుమంతటికిని మైనముగాని, ఆ పనికై అమ్ము విడుపుపూతగాని పూయుదురు. బూటు పాలిషుతో కార్యము నెఱవేర్చుకొనువారును కలరు. మఱల పళ్లకును పూయవలెను. రిసీవరులో గల రంధ్రములను, గాళ్లను, లోపలికి వంగిన మూలలను బంకమట్టితో నింపి నున్నచేయవలెను. ఎపాక్సీ అట్టి మూలలోనికి పాఱి గట్టిపడెనా, అది మేకువలె పట్టుకొనును; ఎన్ని పూతలు పూసినను ఇనుము కొయ్యను విడువదు. లగ్గు ముందుముఖమునకును ప్రక్కలకును అడుగునకును పలుచని టేపు అంటింతురు. ఆ టేపును పిదప తీసివేసినపుడు ఆ వైపుల సన్నని సందు మిగిలి, లగ్గు వెనుకముఖమొక్కటే గట్టి ఎపాక్సీకి ఆనియుండును. తన్ను పోవు త్రోవ ఒక్కటియే కావలెనని దీని భావము.

ఎపాక్సీ రెండు భాగములను డబ్బాపై వ్రాసిన పాళ్లలో ఖచ్చితముగ కలుపవలెను. గట్టిపఱచు ద్రవము ఎక్కువ పోసిన త్వరగా గట్టిపడునని తలంచుట తప్పు. జత దొరకని అణువులు మిగిలి ముద్ద మెత్తగానే యుండును. బుడగలు రాకుండ మెల్లగా కలిపి, పల్లములో నింపి, గొట్టపు ముందుభాగమున టేపుచుట్లు చుట్టి కొయ్యదోనె నడుమ నిలుచునట్లు చేసి, యాక్షనును నిదానముగ దింపుదురు. ఇచ్చటనే పైన చెప్పిన సూత్రము జ్ఞప్తియందుండవలెను. మఱలను బిగింపరాదు, ఇనుము తన బరువుతోనో, రబ్బరు పట్టీ కొద్దిపాటి ఒత్తిడితోనో ఊరక కూర్చుండవలెను. ఇనుము వంగియున్నపుడు ఎపాక్సీ గట్టిపడినచో ఆ వంకరయే శాశ్వతముగ అచ్చుపడును. పైకి పొంగిన ముద్దను వినెగరు తడిపిన దూదితో అప్పుడే తుడిచివేయుదురు.

పెక్కు రకములకు 24 గంటలు విడిచిపెట్టుట ఆచారము. పిదప మఱలు తీసి, గొట్టము పట్టి, రబ్బరు సుత్తితో మెల్లగా తట్టినచో చిన్న చప్పుడుతో యాక్షను విడివడును. విడువనిచో బలము చూపరు. మొత్తమును శీతలపేటికలో కొన్ని గంటలుంచుదురు. ఉక్కు చలికి కుదించుకొని చాలమాఱులు పట్టు వదలును. బయటపడిన పఱుపు అద్దమువలె నునుపుగా, ఇనుముమీది చిన్న గీతనైనను చూపుచుండును. ఒకటి రెండు బుడగల గుంటలున్నను చింతలేదు; లగ్గు వెనుక గుంట యున్నచో మాత్రము కొంచెము కలిపి మఱల వేయవలెను.

ఎపాక్సీ కొందఱి చర్మమునకు పడదు. ఒకసారి దద్దురు పుట్టినచో జీవితాంతము తాకినపుడెల్ల మఱల పుట్టవచ్చును. కావున చేతొడుగులు తప్పనిసరి, గట్టిపడినదానిని ఆకురాయితో రాచునపుడు ముక్కునకు గుడ్డయు వలయును. ఇది సర్వరోగనివారిణియు కాదు. అరిగిన గొట్టమును, చెడ్డ తూటాలను, వణకు చేతిని ఇది బాగుచేయదు.

చివరి పరీక్షకు ఒక కాగితపు ముక్క చాలును. మఱలు బిగించిన పిమ్మట కాగితమును గొట్టమునకును కొయ్యకును నడుమ దూర్చి ముందుకొననుండి రిసీవరు వఱకు లాగుదురు. ఎచ్చటను తగులక జారినచో గొట్టము స్వేచ్ఛగా నున్నది. తగిలినచోట కొయ్యను గరుకు కాగితముతో రాచి, బయటపడిన పచ్చికొయ్యకు తేమ చొరకుండ పూత పూయుదురు. ముందుమఱ వదులుచేసి వ్రేలితో చూచు పరీక్షను అప్పుడొకసారియు, వానకాలము గడచిన పిమ్మట మఱియొకసారియు చేయుదురు.