తీర్పుల చిరునామా

ఏ.ఐ.ఆర్. అను మూడక్షరములు వినినంతనే మన శ్రోతలకు ఆకాశవాణి స్ఫురించును. రాజమహేంద్రవరమందలి ప్లీడరుగారికి మాత్రము బీరువానిండ పేర్చిన లావుపాటి పుస్తకములు స్ఫురించును. అవి 1914వ సంవత్సరపు తీర్పులతో మొదలైన ఆలిండియా రిపోర్టరు సంపుటములు.

వాదన నడుమ ఆయన “ఏ.ఐ.ఆర్. 1939 పి.సి. 47” అనును. ఇది మంత్రము కాదు, చిరునామా. 1939 నాటి సంపుటము తీసి, అందు పి.సి., అనగా లండనులోని ప్రీవీ కౌన్సిలు తీర్పులున్న భాగమున, 47వ పుట తెఱచినచో పాకల నారాయణస్వామి కేసు కనబడును.

దాని మూలము మన పిఠాపురముననే యున్నది. 1937 మార్చిలో పూరీ స్టేషనునందు మూడవ తరగతి బండిలో నొక ఉక్కుపెట్టె దొరికెను. అందు ముక్కలు చేయబడిన శవము. మృతుడు పిఠాపురము దివానుగారి కొలువున బంట్రోతుగా నుండినవాడు. ముద్దాయి ఆ దివానుగారి అల్లుడు. రావలసిన సొమ్ముకొఱకు బరంపురము పోవుచున్నానని భార్యతో చెప్పి యతడు ఇల్లు వెడలెను. ఆ మాట సాక్ష్యమునకు పనికివచ్చునా? చంపబడుదునను శంక లేనపుడు పలికినదైనను, మరణమునకు దారితీసిన పరిస్థితులకు సంబంధించినది కావున చెల్లునని లార్డ్ అట్కిన్ తీర్పు చెప్పెను. ముద్దాయి అప్పీలు కొట్టివేయబడెను. ఒక యిల్లాలు చెప్పిన నాలుగు మాటలకు అంతటి బలము చేకూర్చిన తీర్పిది. 47కు బదులు 74 అని వ్రాసినచో అది న్యాయమూర్తి చేతికి అందదు.

ఒకే తీర్పునకు పెక్కు చిరునామాలుండవచ్చును. ఇదే కేసు ఇండియన్ అప్పీల్సు 66వ సంపుటమున 66వ పుటయందును గలదు. అచ్చట సంవత్సరముకంటె సంపుటసంఖ్య ముఖ్యము. “22 మదరాసు 383” అనునదియు అట్టిదే. అవిభాజ్యమైన సంస్థానమును వీలునామాతో ఇయ్యవచ్చునని 1899లో తేల్చిన పిఠాపురము దావా యది. మరల 1918లో అదే సంస్థానమునుండి భరణమును గూర్చిన వివాదము ప్రీవీ కౌన్సిలున తీర్పునకు వచ్చెను. రాజావారల బారెడు పేర్లు పలుకలేక కాబోలు, న్యాయవాదులు వీనిని మొదటి పిఠాపురము కేసు, రెండవ పిఠాపురము కేసు అని పిలుతురు. మాకును అదియే సుఖముగా తోచుచున్నది.

సుప్రీం కోర్టు 2023 నుండి ఏ ప్రచురణకర్తతోను నిమిత్తము లేని సంఖ్యలను తన తీర్పులకు తానే యిచ్చుచున్నది, సంవత్సరము, ఐ.ఎన్.ఎస్.సి. అను అక్షరములు, వరుససంఖ్య అందుండును.

శాసనముల సెక్షన్లు ఇంత స్థిరములు కావు. పై బరంపురపు మాటను నిలిపినది 1872 నాటి సాక్ష్య చట్టమందలి 32వ సెక్షను. 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున ఆ నియమము 26వ సెక్షనునకు మాఱినది. తీర్పు 47వ పుటనే యున్నది. దానిని నేడు చూపువారు సెక్షను సంఖ్యను మాత్రము మార్చి చెప్పవలెను.