వడ్లగింజంత నత్త ఎవరి చుట్టం?

నత్త అనగానే కృష్ణా డెల్టా పిల్లలకు వరిచేలల్లోను, కాలువగట్ల వెంట కనిపించే గుండ్రటి నీటినత్త గుర్తుకు వస్తుంది. మీ పాఠంలో చదివిన 'పైలా' అదే. కాని నేలమీద బ్రతికే నత్తలూ ఉన్నాయి. వానాకాలంలో విజయవాడ పెరళ్ళలో ఒక పూలకుండీని జరిపి, అడుగున ఉన్న తడిమట్టిని భూతద్దంతో పరిశీలించండి. వడ్లగింజంత పొడవున, సన్నగా, మొనదేలిన గుల్ల కనిపించవచ్చు. అది ఆలోపియాస్ గ్రాసైల్ అనే నత్త కావచ్చు. మన దేశంలో ఇది విరివిగా దొరుకుతుంది.

దీన్ని ఏ గుంపులో చేర్చాలి? ఎముకలు లేని మెత్తని శరీరం కనుక మొలస్కా వర్గం. పొట్ట అడుగుభాగమే పాదం కనుక గాస్ట్రోపొడా విభాగం. ఇంతవరకు పైలాది, దీనిది ఒకే దారి. ఇక్కడ దారులు చీలుతాయి. పైలాకు గుల్లను మూసే మూత ఉంది, నీటిలో శ్వాసించేందుకు మొప్ప ఉంది. ఈ చిన్న నత్తకు రెండూ లేవు. ఇది ఊపిరితిత్తితోనే గాలి పీలుస్తుంది. దీనికి నాలుగు స్పర్శకాలుంటాయి. పొడవైన రెండింటి కొనల మీద కళ్ళుంటాయి.

ఈ నత్తను 1834లో థామస్ హట్టన్ 'బులిమస్ గ్రాసిలిస్' అన్నాడు. గ్రాసిలిస్ అంటే సన్ననిది. తర్వాత దీన్ని 'ఓపియాస్' ప్రజాతిలోకి మార్చారు. గ్రీకులో ఆ మాటకు చెప్పులు కుట్టే ఆరె అని అర్థం. ఎంత తగిన పేరో చూడండి! 1935లో బేకర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 'ఆలోపియాస్' అనే పేరు ఏర్పరచాడు. ప్రజాతి మారినా జాతి పేరు నిలిచింది. అందుకే పుస్తకాలలో 'ఆలోపియాస్ గ్రాసైల్ (హట్టన్, 1834)' అని వ్రాస్తారు. మొదట పేరుపెట్టినవాడు కుండలీకరణంలో ఉంటే, ప్రజాతి తర్వాత మారిందని గుర్తు.

అసలు వింత కుటుంబంలో ఉంది. 2017లో వెలువడిన వర్గీకరణ దీన్ని అకాటినిడే కుటుంబంలో చేర్చింది. గుప్పెడంత పెరిగే ఆఫ్రికా రాక్షసనత్తదీ ఆ కుటుంబమే! 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చిన ఆ నత్త, నేడు మన దేశంలో తోటలను పాడుచేసే పీడ.

మరి కుండీకింద దొరికినది రాక్షసనత్త పిల్లా, చిన్న నత్తా? చుట్లు లెక్కించండి. రాక్షసనత్త పిల్ల గుల్ల బొద్దుగా ఉండి, చుట్లు తక్కువగా ఉంటాయి. ఎదిగిన చిన్న నత్త గుల్ల సన్నగా ఉండి, ఏడెనిమిది చుట్లు తిరిగి ఉంటుంది. పలుచని గుల్లగుండా లోపలి తెల్లని గుడ్లు కూడా ఒక్కోసారి కనబడతాయి. గుడ్లున్నది పిల్ల కాదు గదా!

ఈ తేడా తెలియకపోతే రైతు చిన్న నత్తను చూసి అనవసరంగా మందు చల్లవచ్చు, లేదా రాక్షసనత్త పిల్లను చూసి ఏమరుపాటుగా వదిలేయవచ్చు. వర్గీకరణ పరీక్షకు బట్టీపట్టే పేర్ల పట్టిక మాత్రమే కాదు సుమా! నత్తలలో మనిషికి హానిచేసే క్రిములుండవచ్చు. పుల్లతో కదిపి చూడండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.