నువ్వుల నూనెలో నెల్లాళ్ళ మందు

"ఇంజెక్షనంటే గబగబా పనిచేసేది కదా మాస్టారూ, నెల్లాళ్ళు ఎలాగుంటాది?"

ఇంటర్ రెండో సంవత్సరం క్లాసులో ఎస్టర్ల పాఠం చెబుతుంటే ఒక కుర్రాడు అడిగాడు. వాళ్ళింట్లో ఒకరికి స్కిజోఫ్రీనియా. విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలలో నెలకోసారి సూది వేస్తారట. జవాబు ఆ పూట బోర్డు మీదున్న సమీకరణంలోనే ఉంది. ఆల్కహాలు, ఆమ్లం కలిస్తే ఎస్టరు, నీరు.

ఈ జబ్బుకు సూదిగా వేసే ఫ్లూఫెనజైన్ అనే మందు అణువుకు ఒక కొసన హైడ్రాక్సిల్ సమూహం ఉంటుంది. రసాయనంగా చూస్తే అదీ ఆల్కహాలే. 1960ల్లో స్క్విబ్ కంపెనీవాళ్ళు ఆ కొసకు ఏడు కార్బన్ల కొవ్వు ఆమ్లాన్ని తగిలించారు. ఒక్క సూది రెండు వారాలు పనిచేసింది. ఎంతో కాలం గడవకముందే పది కార్బన్ల ఆమ్లంతో ఇంకో ఎస్టరు చేశారు. అదే డెకనోయేట్. దీని పని నాలుగు వారాల దాకా సాగుతుంది. తేడా మూడంటే మూడు కార్బన్లు! నా మట్టుకు నాకు ఇంతకన్నా అందమైన రసాయన శాస్త్రం కనబడలేదు.

తోక పొడవయ్యేకొద్దీ అణువు నీటిని వదిలి నూనెను అంటిపెట్టుకుంటుంది. అందుకే ఈ మందును నువ్వుల నూనెలో కరిగిస్తారు. విజయనగరం, శ్రీకాకుళం మెట్ట చేలల్లో పండే నువ్వుల నుంచి వచ్చేలాంటి నూనే, కాకపోతే సూదికి పనికొచ్చేలా శుద్ధిచేసినది. ఒక మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాముల మందు. ఫ్లూపెంథిక్సాల్ అనే ఇంకో మందుకైతే కొబ్బరి నుంచి తీసిన పలచని నూనె వాడతారు. కొబ్బరి తోటల ఉద్దానంవాళ్ళు ఈ మాట వింటే సంతోషిస్తారు.

పిరుదు కండలో దిగిన ఆ నూనె అక్కడే చిన్న మడుగులా నిలుస్తుంది. ఆ మడుగు చుట్టూ ఉన్నది నీరు. అణువుకేమో నూనె వదలబుద్ధి కాదు. కొద్దికొద్దిగా మాత్రమే బయటికొస్తుంది. వచ్చిన దాన్ని ఎస్టరేజ్ అనే ఎంజైములు నీటి సాయంతో చటుక్కున రెండుగా విడగొడతాయి. తోక ఒకవైపు, అసలు మందు ఒకవైపు. బోర్డు మీది సమీకరణం వెనక్కి నడుస్తుందన్నమాట. విడగొట్టడం క్షణాల పని, నూనెను దాటి రావడానికే వారాలు. చెరువు నిండా నీళ్ళున్నా పొలానికి అందేది తూము వదిలినంతే కదా.

సూది వేసే సిస్టరమ్మ పనితనమూ ఇందులో భాగమే. సిరంజి, సూది పూర్తిగా పొడిగా ఉండాలి. తడి తగిలితే మందు మసకబారుతుంది. చర్మాన్ని పక్కకు లాగి పొడిచి, సూది తీశాక వదిలేస్తే నూనె వెనక్కి కారదు. ఆ చోట రుద్దకూడదు.

మాత్రకూ సూదికీ పోటీ పెడితే ఏది గెలుస్తుంది? 2011లో అమెరికాలో మాజీ సైనికుల మీద చేసిన పరీక్షలో సూదికి ఆధిక్యం కనిపించలేదు. అదే ఏడాది ఫిన్లాండ్ ఆస్పత్రుల రికార్డుల్లో మాత్రం, ఒకే మందును సూదిగా తీసుకున్నవాళ్ళు మళ్ళీ ఆస్పత్రిలో చేరే ముప్పు మాత్రలవాళ్ళతో పోలిస్తే మూడో వంతే. ఇందులో నాకు వైరుధ్యం కనబడదు. పరీక్షలో చేరినవాళ్ళను ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. ఇంట్లో ఎవరుంటారు? చెన్నైకో హైదరాబాదుకో పనికి వలసపోయిన మనిషి మాత్ర మానేస్తే, జబ్బు తిరగబెట్టేదాకా ఎవరికీ తెలియదు. సూదికి రాకపోతే ఆ రోజే రిజిస్టరులో తెలుస్తుంది. ఒంట్లో మందు ఇంకా కొంత మిగిలే ఉంటుంది, వెళ్ళి పిలుచుకురావడానికి వ్యవధి దొరుకుతుంది.

కష్టం కూడా చెప్పాలి. ఒళ్ళు బిగుసుకోవడం, వణుకు, కుదురుగా కూర్చోలేకపోవడం వస్తే, వేసిన సూదిని వెనక్కి తీయలేం. అందుకే ముందు మాత్రతో సరిపడిందో లేదో చూస్తారు. ఆ మనిషి ఒప్పుకోవడమూ ముఖ్యం.

ఫ్లూఫెనజైన్ తర్వాత హాలోపెరిడాల్ డెకనోయేట్, ఆపైన కరిగిపోయే ప్లాస్టిక్ గుళికల్లో రిస్పెరిడోన్, సన్నని స్ఫటికాలుగా పాలిపెరిడోన్ వచ్చాయి. ఆ చివరిదానిలో ఆర్నెల్లకోసారి వేసే రకమూ ఉంది. ధర చాలా ఎక్కువ. 2014లో అమెరికాలో 311 మందితో పాత హాలోపెరిడాల్ నూనె సూదినీ కొత్త పాలిపెరిడోన్‌నూ పోల్చారు. రెండింటిలోనూ మందు విఫలమైంది దాదాపు మూడో వంతు మందిలోనే. కొత్తదానితో బరువు పెరిగింది, పాతదానితో కుదురులేనితనం ఎక్కువైంది. మన జిల్లాలకు నా ఓటు పాతదానికే.

మందు చవకే కానీ దారి చవక కాదు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. రోగికీ తోడొచ్చినవాళ్ళకీ ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. ఈ నూనె మందుకు ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. డాక్టరు ఒకసారి మోతాదు నిర్ణయించాక, ఊరి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే వేయవచ్చు. జిల్లా వైద్యాధికారులు ఆ ఏర్పాటు చేయాలి. మీ ఇంట్లో ఎవరైనా మాత్రలు పదేపదే మానేస్తుంటే, తిట్టకుండా ఈ సూది గురించి మానసిక వైద్యుణ్ణి అడగండి. ఎవరిని అడగాలో తెలియకపోతే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, ఉచితం.