చలి కాచిన బెల్లం

పొద్దున్నే మా మనవరాలు ఫ్రిజ్‌లోంచి కాగితం పొట్లమొకటి తీసి వాసన చూసి, "తాతయ్యా, ఈ బెల్లం పాడైపోయింది, పొగ వాసనేస్తోంది" అంది. ఇంకో నిమిషం ఆగితే చెత్తబుట్టలో పడేసేదే. గబుక్కున లాక్కున్నాను. పాడైంది కాదు తల్లీ, అది కలకత్తా పాటాలి. పై వాటాలో ఉండే బెంగాలీవాళ్లు సెలవులకి ఊరెళ్లి వస్తూ మీ నాయనమ్మకి తెచ్చిచ్చారు. ఇవాళ ఆ బెల్లంతోనే పరమాన్నం. అదిగో, పొయ్యి మీద బియ్యం ఉడుకుతున్నాయి.

ఇది చెరకు బెల్లం కాదు. ఏ చెట్టుదో చెప్పుకోండి చూద్దాం అంటే చిన్నాడు "తాటి బెల్లం" అన్నాడు. దగ్గరికొచ్చాడు గానీ కాదు. ఈత. మన పొలాల గట్ల మీదా వాగుల ఒడ్డునా ముళ్లాకులతో నిలబడుతుందే, అచ్చంగా ఆ చెట్టే. దాని నీళ్లని మనం కల్లు చేసుకున్నాం, బెంగాలీలు బెల్లం చేసుకున్నారు. వాళ్లు కల్లు తాగరని కాదు, తాడీ అంటారు, తాగేవాళ్లు తాగుతారు. చలికాలం రాగానే ఊరంతా ఎదురుచూసేది మాత్రం బెల్లం కోసమే. కొత్త బెల్లాన్ని వాళ్లు నొలెన్ గుర్ అంటారు.

నేను రైల్వేలో చేరిన కొత్తలో ఖరగ్‌పూర్‌లో ఉండేవాణ్ణి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఆ ఊళ్లో మనవాళ్లకి కొదవలేదు. మార్కెట్లో తెలుగులోనే బేరమాడొచ్చు. అక్కడ చలికాలమొచ్చిందని క్యాలెండరు చూసి తెలుసుకోనక్కర్లేదు. బజార్లో కాలీఫ్లవర్ గుట్టలు పడతాయి, కొత్త బంగాళాదుంపలు దిగుతాయి, పచ్చిబఠాణీ కూరిన కచోరీలు వేగుతుంటాయి. మిద్దెల మీద ఆడవాళ్లు మినప్పిండిలో బూడిద గుమ్మడికాయ కోరు కలిపి బొరీలు పెడుతుంటారు. అంటే మన వడియాలే. మేదినీపూర్ వైపయితే వాటిని గసగసాలు పరిచిన పళ్లెంలో నగల డిజైన్లలా పిండుతారు, తినాలంటే మనసొప్పదు.

ఇక టోపీలు! థర్మామీటరు పదిహేను చూపిస్తే చాలు, పెద్దమనుషులంతా కళ్లూ ముక్కూ తప్ప ఏమీ కనిపించని మంకీ క్యాపుల్లోకి దూరిపోతారు. ఢిల్లీవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వాను, రెండో ఏడు కొనుక్కున్నాను. ఒంటికి డిగ్రీలు తెలియవు, అలవాటు తెలుసు. ఎనిమిది నెలలు ఉక్కపోతలో నానిన ఒంటికి పదిహేనంటే హిమాలయమే. ఒంట్లో వేడి సగం తలలోంచే పోతుందని అక్కడ ప్రతి తల్లీ నమ్ముతుంది గానీ అది తప్పు. ఒంటి మొత్తం చర్మంలో తలది సుమారు పదో వంతు, పోయే వేడీ ఇంచుమించు అంతే. తలకి ఉన్ని, కాళ్లకి పల్చటి లుంగీతో పాల కోసం వెళ్లే మా పక్కింటి పెద్దాయనకి ఈ లెక్క చెప్పి చూశాను. టోపీ ఇంకొంచెం కిందికి లాక్కున్నాడు.

సరే, బెల్లం సంగతి. ఓ డిసెంబరు తెల్లవారుజామున తోటి ఉద్యోగి సైకిలెక్కించుకుని పక్క పల్లెకి తీసుకెళ్లాడు. ఇంకా చీకటి. మంచులో ఓ మనిషి నడుముకి తాడు బిగించుకుని చెట్టు దిగుతున్నాడు, చేతిలో మట్టికుండ. మనకి గీత కార్మికులున్నట్టే వాళ్లకి శియులీలు. శియులి అంటే పారిజాతం పువ్వు కూడా. ఈ మనిషికి ఆ పేరెందుకొచ్చిందో అడగాలని అప్పుడు తోచలేదు.

తాటిచెట్టుకి గెల కోస్తారు. ఈతకి అలా కాదు. మట్టలు నరికి, మొవ్వు కింద మెడ దగ్గర చెక్కుతారు. చెక్కిన చోట చిన్న వెదురు ముక్క దిగేసి కుండ కడతారు. మామిడిచెట్టు బెరడు చుట్టూ ఒలిచేస్తే అది చచ్చిపోతుంది, ఎందుకంటే ఆకుల్లో వండిన తిండి కిందికి దిగే గొట్టాలన్నీ బెరడు కిందే ఉంటాయి. ఈత గడ్డిజాతికి చుట్టం. దాని గొట్టాలు కాండమంతా చెదిరి ఉంటాయి, ఓ పక్క కోసినా మిగతావి పని చేస్తూనే ఉంటాయి. కానీ దానికి పెరిగే చోటు ఒక్కటే, మొవ్వు. కత్తి రెండంగుళాలు ఎక్కువ దిగితే చెట్టు చచ్చినట్టే. అందుకే ఈ ఏడు ఓ పక్క చెక్కితే వచ్చే ఏడు రెండో పక్క. అలా ఏళ్ల తరబడి చెక్కించుకున్న చెట్టు మెట్లు మెట్లుగా వంకర్లు తిరిగిపోతుంది. టేకుకి ఉన్నట్టు ఈతకి వయసు చెప్పే వలయాలుండవు. అయినా ఆ గాట్లు లెక్కపెడితే ఎన్ని చలికాలాలు రసమిచ్చిందో తెలిసిపోతుంది. ఆ రోజు నేను పద్దెనిమిది లెక్కపెట్టాను, పైన ఇంకా ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయం. అప్పుడే దింపిన రసంలో నూటికి పది, పన్నెండు వంతులు పంచదార ఉంటుంది. ఆ తీపికి మొదటి అతిథులు మనం కాదు, గాల్లోనూ కుండ గోడల్లోనూ కాచుక్కూర్చున్న ఈస్టు కణాలు. వాటికి కాస్త వెచ్చదనం దొరికితే గంటల్లో రసం పొంగి పులిసి కల్లయిపోతుంది. మన లొట్టి మీద నురగ చూశారుగా, అదే. చలిలో ఈస్టుకి బద్ధకం. పది డిగ్రీలు తగ్గితే ఇలాంటి పనుల వేగం సగానికి పడిపోతుందని మోటు లెక్క. సాయంత్రం కట్టిన కుండ తెల్లారేదాకా తియ్యగానే ఉంటుంది. ఎండెక్కకముందే దించి పొయ్యి మీదికెక్కించెయ్యాలి. కుండకి పొగ పెట్టడం, లోపల సున్నం పూయడం కూడా ఈస్టుని కాసేపు ఆపడానికే. మన నీరా కుండలకి సున్నం పూసేదీ అందుకే.

పులిస్తే పోయేది తీపి ఒక్కటే కాదు. మీ నాయనమ్మ పంచదార పాకం పట్టేటప్పుడు నాలుగు చుక్కలు నిమ్మరసం పిండుతుంది, ఎందుకో తెలుసా? పాకం గడ్డకట్టకుండా. పులుపు తగిలితే పంచదార అణువు గ్లూకోజు, ఫ్రక్టోజు అని రెండు ముక్కలవుతుంది. ఒకే కొలత ఇటుకలైతే గోడ లేస్తుంది, మధ్యలో వంకర రాళ్లొస్తే లేవదు. పలుకు కట్టడమూ అంతే. ఈస్టు కూడా తినే ముందు చేసే పని ఇదే, పంచదారని ముక్కలు చెయ్యడం. అందుకే శియులీకి రోజుల లెక్క ఉంటుంది. చెట్టుకి కొన్నాళ్లు విశ్రాంతినిచ్చి తిరిగి చెక్కిన మొదటి రాత్రి రసం జిరేన్, అన్నిటికన్నా మేలైనది, అచ్చు కట్టే పాటాలికి అదే కావాలి. రెండో రాత్రిది దో కాట్. ఆ తర్వాతివీ, పగలు కారినవీ పలచబడి పులుపెక్కుతాయి, వాటితో జారుగా ఉండే ఝోలా గుర్ కాచుకుంటారు.

కాచడం ఓ విద్య. పది లీటర్లు మరిగితే కిలో అటూ ఇటూ మిగులుతుంది. నీళ్లలా ఉన్న రసం తేనెరంగుకీ ఎరుపుకీ తిరుగుతుంది. పంచదారలూ ప్రొటీన్ల ముక్కలూ వేడిలో కలిసి పుట్టించే రంగూ వాసనా అవి. మయ్యార్ అనే ఫ్రెంచి ఆయన 1912లో దాన్ని పట్టుకున్నాడు. రొట్టె కాలినా కాఫీగింజ వేగినా అదే చర్య. ముదిరాక ఆ శియులీ ఇంటావిడ ఓ చిన్న గరిటెడు పాకం పెనం అంచుకి చేర్చి తెడ్డుతో నూరడం మొదలెట్టింది. చూస్తుండగానే తెల్లబడి పొడిపొడిగా తయారైంది. దాన్ని 'బీజ్' అంటారట, అంటే విత్తనం. మొత్తం పాకంలో కలిపేసింది. స్ఫటికానికి మొదటి గింజే కష్టం, అదుంటే మిగతా అణువులు దాని చుట్టూ వరస కడతాయి. ఈ మాట నేను కెమిస్ట్రీ పుస్తకంలో చదివి పరీక్షలో రాశాను. ఆవిడ స్కూలు మొహం చూడలేదు.

ఆ విద్య మీద ఓ సినిమాయే ఉంది. 1973లో వచ్చిన 'సౌదాగర్'. నరేంద్రనాథ్ మిత్రా 'రస్' అనే కథ ఆధారం. అమితాబ్ బచ్చన్ ఈతచెట్లెక్కే మనిషి. బెల్లం అద్భుతంగా కాచే వితంతువు నూతన్‌ని పెళ్లాడతాడు, ఆ బెల్లం డబ్బుతో అందగత్తెని తెచ్చుకుందామని. తెచ్చుకుంటాడు, దీన్ని వదిలేస్తాడు. కొత్త పెళ్లాం కాచిన బెల్లాన్ని సంతలో ఎవడూ ముట్టడు. చివరికి రసం కుండలు మోసుకుని నూతన్ గుమ్మానికే వస్తాడు. అందరూ దాన్ని ప్రేమకథంటారు. నాకు మాత్రం పాకం కథే.

"పచ్చి రసం తాగారా తాతయ్యా?" అంది మనవరాలు. తాగాను, మంచుముక్కలా పళ్లు జివ్వుమన్నాయి. మిమ్మల్ని మాత్రం తాగనివ్వను. గబ్బిలాలకీ ఆ తీపంటే ఇష్టమే. రాత్రిళ్లు చెక్కిన చోటే నాకి పోతాయి. వాటి ఎంగిలిలోంచి మనుషులకి నీపా వైరస్ అంటిందని బంగ్లాదేశ్‌లో కనిపెట్టారు. అక్కడ రాత్రి కెమెరాలు పెట్టి ఆ దొంగల్ని పట్టుకున్నారు కూడా. చెక్కిన చోటికీ కుండకీ వెదురు తడక కడితే రాలేవు. బెల్లానికి ఆ భయం లేదు, గంటల తరబడి మరిగిందిగా.

ఈ బెల్లంతో వాళ్లు చెయ్యనిది లేదు, సందేశ్, రసగుల్లా, అన్నీ. అన్నిటిలోకీ నాకిష్టమైంది జయనగర్ మోవా. కనక్‌చూర్ అనే సువాసన వడ్లని పేలాలుగా వేయించి, ఈ పాకంతో ఉండ కడతారు. బొరుగులు కాదు, పేలాలు. పొట్టుతోనే వేడి ఇసకలో వేస్తే లోపలి తేమ ఆవిరై, పొట్టు ప్రెషర్ కుక్కర్‌లా బిగపట్టి, ఇక పట్టలేక పగిలి గింజ పువ్వవుతుంది. 2015లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. మనం సంక్రాంతికి అరిసెలొండుతుంటే వాళ్లకి అదే రోజు పౌష్ సంక్రాంతి, కొబ్బరీ ఈ బెల్లమూ కూరిన పాటిషాప్టా. మన దోసెకి తియ్యటి చెల్లెలు. రెండిళ్లలోనూ కొత్త బియ్యప్పిండే.

ఇంతలో గుర్తొచ్చి వంటింట్లోకి కేకేశాను. ఏమేవ్, ఆ బెల్లం పొయ్యి మీద ఉండగా వెయ్యకు, పాలు విరుగుతాయి. ఇందులో కొంచెం పులుపుంటుంది, వేడి పాలల్లో పడితే చాలు...

"దించి పావుగంటైంది" అని లోపల్నుంచి వినిపించింది. "బెల్లం ఇంకా మీ చేతిలోనే ఉంది."