ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్, ఓటీపీ: ఆన్‌లైన్ ఫామ్ మనకెందుకు ఇంత కష్టం?



మీ పిల్లల ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కో, నవోదయ ప్రవేశ పరీక్షకో ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టినప్పుడు మొబైల్ నంబరు గడిలో ఎవరి నంబరు వేశారో గుర్తుందా? మన రాయికోడ్ వైపు ఆ ఫామ్ తల్లిదండ్రులే నింపడం తక్కువ. మీసేవ కేంద్రంలోనో, జహీరాబాద్ ఇంటర్నెట్ సెంటర్‌లోనో ఆపరేటర్ నింపుతారు. వెనక లైన్ ఉంటుంది, తొందరలో తన నంబరే వేసేస్తారు. ఆ తర్వాత దరఖాస్తు తిరస్కరించారన్న మెసేజ్, హాల్‌టికెట్ వచ్చిందన్న మెసేజ్, చివరి తేదీ మెసేజ్ అన్నీ ఆయన ఫోన్‌కే పోతాయి. మీకు కబురు తెలిసేసరికి గడువు దాటిపోయి ఉంటుంది.

తప్పు ఆపరేటర్‌దే అని ఊరుకోవచ్చు. కానీ చదువుకున్న తల్లిదండ్రులు కూడా, చేతిలో మంచి ఫోన్ ఉండి కూడా, ఆయన దగ్గరికే ఎందుకు వెళ్తున్నారు? ఫామ్ మనకు అర్థమయ్యేలా లేదు కాబట్టి. 2001లో హైదరాబాద్‌లో ఈసేవ కౌంటర్లు వచ్చాయి. 2011 నవంబరులో ఉమ్మడి రాష్ట్రంలో మీసేవ మొదలైంది. రెండింటిలోనూ కౌంటర్ వెనక అలవాటైన మనిషి కూర్చుని, మనల్ని అడిగి టైప్ చేసేవారు. ఇప్పుడు ఎన్నో సేవలు మన ఫోన్‌లోకే వచ్చాయి. ఫామ్‌లోని మాటలు మాత్రం ఇంకా కౌంటర్ వెనక మనిషి కోసం రాసినట్టే ఉన్నాయి.

పేరు గడినే తీసుకోండి. ఇంగ్లిష్ టీచర్‌గా నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే. ‘ఫస్ట్ నేమ్’ అంటే మొదటి పేరు. మన తెలుగువాళ్ల పేరులో మొదట వచ్చేది ఇంటిపేరు. కాబట్టి ఫస్ట్ నేమ్‌లో ఇంటిపేరు, లాస్ట్ నేమ్‌లో పిల్ల పేరు రాస్తారు. మాటకు మాట అర్థం చూస్తే వాళ్లు రాసింది సరైనదే, కంప్యూటర్‌కు మాత్రం తలకిందులు. ఇంకో ఇంట్లో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే వాడతారు. మన ప్రాంతంలోని చాలా ముస్లిం కుటుంబాల్లో అసలు ఇంటిపేరే ఉండదు. కానీ ఆ గడి పక్కన ఎర్ర చుక్క ఉంటుంది, నింపకపోతే ఫామ్ ముందుకు కదలదు. అప్పుడు కొందరు తండ్రి పేరు వేస్తారు, కొందరు ఉన్న పేరునే రెండోసారి కొడతారు. అక్కడి నుంచి ఆ పాప పేరు ఒక రికార్డులో ఒక తీరు, ఇంకో రికార్డులో ఇంకో తీరు. మీ పిల్లల అపార్ ఐడీ, అంటే 12 అంకెల విద్యార్థి గుర్తింపు నంబరు, తయారు కావాలంటే యూడైస్ ప్లస్‌లోని స్కూల్ రికార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉండాలి. అది ఆగిపోయినప్పుడు స్కూల్ నుంచి మీకు ఫోన్ వస్తుంది.

దీనికి మందు పెద్దదేం కాదు. రెండు గడులు తీసేసి ఒకే గడి పెట్టి, పైన ‘ఆధార్ కార్డులో ఉన్నట్టే పూర్తి పేరు’ అని తెలుగులో రాస్తే సరిపోతుంది. జిల్లా గడి సంగతీ అంతే. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడక ముందు మనది మెదక్ జిల్లా. ఇప్పుడు పై తరగతుల్లో ఉన్న పిల్లల బర్త్ సర్టిఫికెట్ మీద మెదక్ అని ఉంటుంది, చిరునామా సంగారెడ్డి. ‘పుట్టిన జిల్లా’ అని అడిగితే ఏది వేయాలి? గడి కింద ఒక్క వాక్యం సూచన ఉంటే ఈ అనుమానమే రాదు.

ఇక ఏమేం అడగాలన్నది అసలు ప్రశ్న. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు జరిగిన ప్రజాపాలన మీకు గుర్తుండే ఉంటుంది. అది కాగితం ఫామ్. అయినా ఆన్‌లైన్ ఫామ్‌లు తయారు చేసేవాళ్లు దాన్నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఐదు గ్యారంటీలకు ఐదు ఫామ్‌లు కాకుండా ఒకే ఫామ్ పెట్టారు. తెలుగులో పెట్టారు. ఊళ్లోనే తీసుకున్నారు. కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. ఇవన్నీ మెచ్చుకోవాల్సినవే. కానీ అందులో అడిగినవి చూడండి: గృహజ్యోతికి కరెంటు మీటర్ కనెక్షన్ నంబరుతో పాటు నెలకు ఎంత కరెంటు వాడతారో కూడా. మీటర్ నంబరు ఇచ్చాక ఎన్ని యూనిట్లు కాలాయో విద్యుత్ సంస్థకే తెలుసు కదా! గ్యాస్ సిలిండర్ల సంగతీ అంతే: కనెక్షన్ నంబరు అడిగి, ఏడాదికి ఎన్ని సిలిండర్లని మళ్లీ అడిగారు. ప్రభుత్వం దగ్గర ముందే ఉన్న లెక్కను మనతో మళ్లీ రాయిస్తే మన పని పెరుగుతుంది, రాతలో తప్పులూ పెరుగుతాయి.

ఎస్టోనియా అనే చిన్న దేశంలో ప్రభుత్వం ఒకసారి తీసుకున్న వివరాన్ని మళ్లీ పౌరుణ్ణి అడగకూడదని నియమం ఉంది. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల పద్ధతి ఇంకోటి: ఒక పేజీకి ఒకే విషయం అడుగుతారు, పక్కన అర్థమయ్యే మాటల్లో సూచన ఉంటుంది. మన దేశంలోనూ దారి పడుతోంది. 2014 నుంచి గెజిటెడ్ సంతకం బదులు స్వీయ ధ్రువీకరణను కేంద్రం ప్రోత్సహించింది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్‌లో ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. అదే ఏడాది నవంబరులో మన మీసేవ కూడా వాట్సాప్‌లోకి వచ్చింది. వాట్సాప్‌లో నాకు నచ్చేది ఒకటే, ఒక ప్రశ్నకు జవాబు ఇచ్చాకే రెండోది వస్తుంది. పొడవాటి ఫామ్ చూసి భయపడే పని లేదు. (ఫోన్ నాన్నతో పాటు పటాన్‌చెరు డ్యూటీకి పోతే అమ్మ ఏం చేయాలన్నది వేరే కథ.)

కేవలం సమాచారం పంపే సేవలకైతే ఇంకా తక్కువ చాలు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేసి పత్తికి వచ్చిన తెగులు గురించి తెలుగులోనే అడగవచ్చు, ముందుగా ఏ ఫామూ నింపక్కర్లేదు. మెసేజ్ పంపడానికి కావలసింది ఫోన్ నంబరు, భాష, మహా అయితే మండలం. అంతకు మించి ఆధార్, కులం, ఆదాయం అడిగితే ఎందుకని అడిగే హక్కు మనకుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మన సమ్మతితో తీసుకునేటప్పుడు చెప్పిన పనికి అవసరమైన వివరాలే తీసుకోవాలి. 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఆ నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. ఈ కొలత మన స్కూల్ అడ్మిషన్ ఫామ్‌కూ పెట్టవచ్చు, అందులో అనవసరం అనిపించిన గడి ఉంటే మాకు చెప్పండి.

ఫామ్‌లు బాగుపడే దాకా మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సెంటర్‌లో నింపించినా సరే, మొబైల్ నంబరు గడిలో మీ నంబరే వేయించండి, సబ్మిట్ కొట్టే ముందు స్క్రీన్ మీ వైపు తిప్పమనండి. రసీదు మీద అప్లికేషన్ నంబరును ఫోటో తీసుకోండి. ఓటీపీ చెప్పాల్సి వస్తే, అది దేనికి వచ్చిందో మెసేజ్ పూర్తిగా చదివాకే చెప్పండి. గుర్తింపు కోసం జిరాక్స్ అడిగే చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు. ఆధార్‌కు మీ నంబరు లింక్ కాకపోతే ఆధార్ కేంద్రంలో చేయించుకోవచ్చు. పిల్లలకు 5 ఏళ్లు, 15 ఏళ్లు నిండాక బయోమెట్రిక్ అప్‌డేట్ ఎలాగూ చేయించాలి కాబట్టి రెండు పనులూ ఒకే రోజు పెట్టుకోండి.

తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు మాత్రం ఇది వాయిదా వేయకండి. పదో తరగతి మెమో మీద పేరు, పుట్టిన తేదీ స్కూల్ పంపే నామినల్ రోల్ ప్రకారమే వస్తాయి, ఆ తర్వాత మార్పించడం చాలా కష్టం. ఆధార్ కార్డు, బర్త్ సర్టిఫికెట్ తీసుకుని ఒకసారి ఆఫీసుకు రండి, అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్న స్పెల్లింగ్‌తో పక్కపక్కన పెట్టి చూద్దాం.